మంకెన ఒంటి మీది మట్టి

నమోదు 301

ఈ గదిలో జరిగే పనంతా ఎవరో ఒకరు రాసిపెట్టాలని పైనుంచి హుకుం వచ్చింది. తవిటమ్మ అప్ప చేతులకి ఎప్పుడూ మట్టే. సన్యాసికి అంకెలు తప్ప మాటలు రావు. ఇంకెవరున్నారు? ఈ చాకిరీ నా నెత్తిన పడింది. నమోదుకి అంకె రోజుల లెక్కన వెయ్యాలట. నా పేరు అప్పలకొండ, కెమెరాలు చూసుకుంటాను. నా రాత బాగోలేదని ఎవరైనా అంటే వాళ్ళే వచ్చి రాసుకోవచ్చు.

మేం తెర మీద ఆడే ఆటల్లోని మనుషులకి ఒళ్ళు మారుస్తాం. ఒక వీరుడు నడుస్తూ నడుస్తూ రాయి అయిపోవాలి. ఒక మంత్రగత్తె మంచై కరిగిపోవాలి. అలా మారే ఆ కాస్సేపే మా పని. మిగతా ఆటంతా కింద, భూమ్మీద తయారవుతుంది. ఆడేవాళ్ళూ ఎక్కువమంది అక్కడివాళ్ళే. మేం మాత్రం ఇక్కడ, పైన అంతరిక్షంలో తిరిగే చక్రంలో పుట్టి చక్రంలోనే పెరిగాం. మాది చిన్న చక్రం, పాతది. గబగబా తిరుగుతుంది కాబట్టే మా కాళ్ళు నేలకి ఆనుతున్నాయి.

ఇలాంటి మార్పుల్ని అందరూ యంత్రానికే అప్పజెప్పేస్తారు. అప్ప ఒప్పుకోదు. నిజంగా బొమ్మ చేస్తుంది, నిజంగా మట్టి పూస్తుంది, నిజంగా రాలుస్తుంది. చుట్టూ నా కెమెరాలు పట్టుకుంటాయి. సన్యాసి ఆ కదలికని ఆటలోకి ఎక్కిస్తాడు.

ఇప్పుడు మా చేతిలో ఉన్నది మంకెన. ఆటకి నాయిక. ఒళ్ళంతా తడిమట్టితో లేచి నిలబడి, మట్టి ఎండి, బీటలు తీసి, పెళ్ళలుగా రాలిపోతుంటే లోపల్నుంచి కంచు మెరవాలి. ఇన్నాళ్ళూ అప్పకి రాళ్ళూ దెయ్యాలే ఇచ్చారు. మొదటిసారి నాయికని ఇచ్చారు. వచ్చే ఏడు అప్ప ఈ గది వదలాల్సిన వయసు. ఇదే తన ఆఖరి బొమ్మ అని తనే అంటోంది.

ఈ రోజు మంకెనకి పూత వేసింది. నా నడుమంత ఎత్తు కంచు బొమ్మ. బుగ్గల మీద పలచగా, భుజాల మీద మందంగా, మణికట్టు దగ్గర మట్టిలో గంజి కలిపి వేసింది.

"గంజి ఎందుకప్పా?" అన్నాను.

"మణికట్టు ఆడతాది కదే. ఆడిన సోట మట్టి ముక్కలవ్వదు, పొరలాగ లేస్తాది. నీ సెయ్యి ఎండినప్పుడు సూసుకోలేదేటి?"

నేను ఇన్నేళ్ళూ చెయ్యి కడుక్కున్నాను గానీ చూసుకోలేదు. ఆ మాటే చెప్పాను. నవ్వింది.

నమోదు 304

పూత ఆరింది, మంకెనని రాల్చాం.

అప్ప వేడిగొట్టం పట్టుకుంటే చూడాలి. గొట్టం తగిలిన చోట మట్టి చిట్లుతుంది. కానీ ఆమె ఊరికే కాల్చుకుంటూ పోదు. భుజం మీంచి లేచిన పెళ్ళ పడుతూ పడుతూ కింద ఎక్కడ తగులుతుందో ఆ చోటికి ఆమె చెయ్యి ముందే వెళ్ళి కూర్చుంటుంది. పెళ్ళ వచ్చి తగలడం, అక్కడి మట్టి విడవడం ఒకేసారి జరుగుతాయి. ఒకదాన్ని ఒకటి పిలుచుకుంటూ రాలిపోతాయి. ముఖం మాత్రం ఆఖరికి ఉంచింది. ఎడమ బుగ్గ మీది చిన్న ముక్క ఊగిసలాడి, ఇష్టం లేనట్టుగా పడింది.

నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. సన్యాసి కూడా లెక్కలు ఆపి చూశాడు, అది రికార్డు.

పంపేశాం. ఇక చేతులు దులుపుకోవడమే అనుకున్నాను.

నమోదు 309

ఇక చేతులు దులుపుకోవడమే అన్నానే, నా నోటికి తాళం వేసినా బాగుండేది.

కింది సంస్థ తరఫున మాతో మాట్లాడేది ఇందుమతి గారు. మర్యాదస్తురాలే. ఆవిడ కబురు ఇలా వచ్చింది: "తవిటమ్మ గారూ, మంకెన చాలా బాగుంది. కానీ పెళ్ళలన్నీ ఓ పక్కకి కొట్టుకుపోతున్నాయి. మీ గదిలో గాలి వస్తోందా? సరిచేసి పంపండి. వచ్చే నెల ఆట విడుదల. కుదరకపోతే ఆ ఒక్క మార్పునీ ఇక్కడ చేయించుకుంటాం, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకూడదట! బంగారం లాంటి పనికి వంక పెట్టి, ఏమీ అనుకోకూడదట.

ముగ్గురం తెర ముందు కూర్చుని మళ్ళీ మళ్ళీ చూశాం. పెళ్ళలు నిక్షేపంగా పడుతున్నాయి. కుడి భుజం పెళ్ళ పడాల్సిన చోటే పడుతోంది.

"ఏటంటన్నాదే ఆయమ్మ?" అంది అప్ప. "పక్కకేటి? ఏ పక్కకి?"

"కళ్ళకి డాక్టరుని చూపించుకోమను" అన్నాను.

"అలగనకు. పెద్ద సంస్త. ఊరికే అనరు. గాలేమో సూడు."

గాలిగొట్టాలన్నిటికీ గుడ్డలు కుక్కాం. దీపం మంట కూడా కదలనంత నిశ్చలంగా చేశాం. అప్ప రెండో బొమ్మకి పూత మొదలుపెట్టింది.

నమోదు 316

రెండో బొమ్మని రాల్చి పంపాం. గదిలో ఊపిరాడక చచ్చాం.

జవాబు: "అదే వాలు. కొంచెం కూడా మారలేదు."

అది విని అప్ప టీ కూడా తాగలేదు. చేతులు కడుక్కుని మంకెన ముందు పీట వేసుకుని కూర్చుంది. అప్ప టీ వద్దనడం ఈ గదిలో నేను ఎన్నడూ చూడలేదు. నాకు భయం వేసింది.

నమోదు 317

ఇది వివరంగా రాస్తాను. రాయకపోతే నేనే నమ్మను.

అప్ప గుండె చూడడానికి డాక్టర్ రాజమల్లు గారు వచ్చారు. ఆయన భూమి మనిషి, కరీంనగర్ వైపు. ఏడాది పనికి ఇక్కడికి వచ్చారు. మంచి డాక్టరే గానీ చక్రం మొత్తంలో ఆయన పేరు చెబితే నవ్వు. కారణం టీ. మా దగ్గర టీ ఎత్తి పోస్తాం. గిన్నె భుజం దాకా లేపి, కింద చిన్న గ్లాసులోకి పోస్తే నురగ నిండాలి. పసిపిల్లలు కూడా పోస్తారు. ఈయన పోస్తే మాత్రం బల్ల తాగుతుంది, గ్లాసు తాగదు.

ఈ రోజూ అంతే. అప్పని కాస్త నవ్విద్దామని ఆయనే గిన్నె అందుకున్నారు. పోశారు. సగం బల్ల మీద, సగం నా చీర మీద.

"ఓలమ్మో!" అని గెంతాను. "ఏడాదైపోతోంది డాక్టరు గారూ, ఇంకా టీ పోయడం నేర్చుకోలేదు!"

ఆయనకి ఎప్పుడూ కోపం రాదు. ఈ రోజు వచ్చింది.

"నాకు చాయ్ పొయ్యరాదా? మా ఇంట్ల పెండ్లికి వచ్చినోళ్ళందరికీ నేనే పోసిన. ఒక్క చుక్క కింద పడలే. నేను సక్కగనే పోస్తున్న. మీ చాయే అడ్డం పోతుంది!"

నేను నవ్వుతూనే ఉన్నాను. అప్ప నవ్వలేదు.

"ఏటన్నావు బాబూ? మళ్ళా సెప్పు."

"అడ్డం పోతుంది అన్న. మా దిక్కు గిట్ల పడదు. గిన్నె కిందనే గ్లాసుంటది."

అప్ప లేచి ఒక దారం తెచ్చి పైనుంచి వేలాడదీసింది. దారం కొసకి సరిగ్గా కింద నేల మీద సున్నం చుక్క పెట్టింది. దారం పైకొస దగ్గర ఒక రుద్రాక్షపూస పట్టుకుని వదిలింది. పూస చుక్క మీద పడలేదు. జానెడు కాకపోయినా బెత్తెడు పక్కకి పడింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ అక్కడే.

సన్యాసి తల పట్టుకున్నాడు. "తిరుగుడు" అన్నాడు. ఆ ఒక్క మాటే.

అంతే కదా! చక్రం తిరుగుతుంటుంది, పడే వస్తువు పడేలోపు నేల కాస్త జరుగుతుంది. బడిలో చదివాం, పరీక్షలో రాశాం, మార్కులు కూడా వచ్చాయి. ఆ పాఠం గ్రహాల గురించీ ఓడల గురించీ అనుకున్నాం గానీ, మా టీ గురించి అని ఒక్కరికీ తోచలేదు. పుట్టినప్పటి నుంచి చూసేది అదే కదా, మా కంటికి అదే తిన్నన. మేం గ్లాసుని కాస్త పక్కకి పెడతాం, ఆ సంగతి మాకే తెలీదు.

పాపం ఈ మనిషిని ఏడాదిగా నవ్వులపాలు చేశాం. ముందు నేనే చేతులు జోడించాను.

నమోదు 319

తెలిసింది కదా, ఇక తేలికే అనుకున్నాం. సన్యాసి పట్టిన కదలికలోంచి వాలు తీసేసి లెక్కతో తిన్నగా చేశాడు. చూస్తే మా కళ్ళకి దరిద్రంగా ఉంది, ఎవరో కింద నుంచి పెళ్ళల్ని పీక్కుంటున్నట్టు. అది మా కంటి లోపమే అని సరిపెట్టుకుని పంపాం.

ఇందుమతి గారు నిజమే చెప్పారు: "వాలు పోయింది. కానీ ప్రాణం కూడా పోయింది. భుజం పెళ్ళ మోకాలికి తగలకుండానే మోకాలి మట్టి విడిపోతోంది. మొదటిదే నయం, వాలు లేకుండా ఉంటే."

మరి అంతే. భుజం పెళ్ళ ఇక్కడ తగిలింది తొడకి. దాన్ని లెక్కతో మోకాలికి జరిపితే తొడ మట్టి ఎందుకు రాలినట్టు? మొత్తం ఒకదాన్ని ఒకటి పిలుచుకునే వరసంతా తెగిపోయింది.

"ఇంక అక్కడే చేయించుకుంటారేమో అప్పా" అన్నాను. అనకూడదు, అనేశాను.

అప్ప చాలాసేపు మంకెన తలకి చెయ్యి ఆనించి ఉంది. "నాను చేసినదేటో నాకే తెలీకుండా ఇన్నేళ్ళు చేసీసినానే కొండా" అంది. "ఆ దెయ్యాలూ ఆ రాళ్ళూ అన్నీ వాలుగానే పడ్డాయి. దెయ్యం కదా అని ఎవులూ అడగలేదు. ఈ మంకెన గుంట మనిషి కాబట్టి అడిగినారు."

అప్ప వేళ్ళ కంటే నిజమైన వేళ్ళు నేను చూడలేదు. ఆ వేళ్ళకి ఇలాంటి మాట రావడం అన్యాయం.

నమోదు 320

డాక్టరు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి టీ నేనే పోశాను, ఆయన గ్లాసు వైపు జాగ్రత్తగా చూస్తూ.

"ఆఖరి మారు నేను సక్కగ చాయ్ పోసింది యాడనో యాదికొచ్చింది" అన్నారు. "ఇక్కడికి వచ్చే ఓడల. ఓడ తిరగదు గదా. ఇంజన్ తోస్తున్నప్పుడు ఎనక గోడనే నేలైతది. గప్పుడు పోసిన. సక్కగ పడ్డది."

గదిలో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అంతరిక్షంలోనే మా పక్కనున్న గిడ్డంగికి సరుకు ఓడ వెళ్ళి వస్తుంటుంది. బయల్దేరేటప్పుడు ఇంజను తోస్తుంది, చేరబోయే ముందు ఆగడానికి వెనక్కి తిరిగి మళ్ళీ తోస్తుంది. మధ్యలో బరువే ఉండదు. అంటే తిన్నగా పడే కాలం రెండుసార్లు మాత్రమే దొరుకుతుంది. మాకున్న కంచు బొమ్మలు రెండే, దారిలో మళ్ళీ పూస్తే పూత ఆరడానికి రోజులు పడతాయి, కాబట్టి రెండు బొమ్మలు, రెండు అవకాశాలు.

"నాను ఎల్తాను" అంది అప్ప.

"మీరు వద్దు" అన్నారు డాక్టరు గారు వెంటనే. "పుట్టిన కాడికెల్లి తిరుగుడుకి అలవాటైన చెవులు మీవి. ఓడ ఎక్కంగనే లోకమంతా గిర్రుమంటది. పడుసు పిలగాండ్లే కక్కుకుంటరు. మీ గుండెకు అది మంచిది కాదు. నేను సంతకం పెట్ట."

"నేను వెళ్తానప్పా" అన్నాను. "గొట్టం పట్టడం నాకు తెలుసు."

"గొట్టం పడతావు. ఎక్కడ పట్టాలో నీకు తెలీదు కదే." కోపంగా కాదు, ఉన్నమాటే చెప్పింది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "బాబూ, నాను ఈ చక్రం దాటి ఎప్పుడూ ఎల్లలేదు. నేలంటే ఏటో సూడకుండా నేల మనుషులకి బొమ్మలు సేసినాను. ఒక్కసారి, మట్టి తిన్నగా పడ్డం నా కంటితో సూడాల. నీ పక్కనే కూకుంటాను. నువ్వు ఆపమంటే ఆపీస్తాను."

"ఆపరు మీరు" అన్నారాయన.

"ఆపను" అని ఒప్పేసుకుంది.

ఆయన నవ్వాపుకోలేకపోయారు. సంతకం పెట్టారు. తనూ వస్తానన్నారు.

నమోదు 331

ఓడలో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు, నా చెవులది.

చక్రం నుంచి విడిపోగానే నా పేగులన్నీ నోట్లోకి వచ్చాయి. అప్ప ముఖం సున్నంలా పాలిపోయింది. కళ్ళు మూసుకుని పట్టీలు బిగించుకుని, బొమ్మలున్న పెట్టె మీద ఒక చెయ్యి వేసి ఉంది. డాక్టరు గారు ఆమె నాడి వదల్లేదు. కాసేపటికి ఇంజను అందుకుంది. వెనక గోడ మా కాళ్ళ కిందకి వచ్చి నేలైపోయింది. ప్రాణం కుదుటపడింది.

ముందుగా బొమ్మ నిలబెట్టాలి, కెమెరాలు బిగించాలి. ఆ కంగారులో అప్పకి దాహం వేసింది. ఫ్లాస్కులో తెచ్చిన టీ తీసి, మామూలుగా ఎత్తి పోసింది. ఆ చేతికి తిరుగులేదు, చక్రంలో ఆమె పోస్తే నురగ గ్లాసు అంచు దాకా వచ్చి ఆగుతుంది.

టీ మొత్తం డాక్టరు గారి మోకాలి మీద పడింది.

ఆయన ప్యాంటు దులుపుకుంటూ, "అమ్మా, ఇంత ఏండ్లొచ్చినయ్, ఇంక చాయ్ పొయ్యరాదా?" అన్నారు. అప్ప నోరు తెరిచి, ఫ్లాస్కు పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "తీర్సుకున్నావు బాబూ, ఏడాది కసి తీర్సుకున్నావు" అంది.

తర్వాత మొదటి బొమ్మ.

అప్ప గొట్టం తలకి ఆనించింది. నుదుటి పెళ్ళ చిట్లి లేచింది. జారింది. పడింది. బొమ్మ బొటనవేలి మీద.

"ఓలమ్మ, సూడే" అంది అప్ప చిన్నగా. "కాలి మీదే పడిందే. ఎక్కడ బయల్దేరిందో దాని కిందే పడిందే."

నేనూ చూశాను. ఒళ్ళు జలదరించింది. మా ముత్తాతలు రోజూ చూసింది ఇదన్నమాట. ఇంత నెమ్మదస్తుల లోకమా అది, వదిలినది వదిలిన చోటికే వస్తుందా?

ఆ చూడడంలోనే పని చెడింది. భుజం పెళ్ళ లేవగానే అప్ప చెయ్యి అలవాటుగా తొడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పెళ్ళ మోకాలికి తగిలింది. చెయ్యి మోకాలికి వచ్చేసరికి ఇంకో పెళ్ళ ఇంకెక్కడో. కన్ను ఒకటి చెబుతోంది, చెయ్యి ఇంకోటి చేస్తోంది. ఇంజను ఆగేసరికి మంకెన ఒంటి మీద అతుకుల బొంతలా మట్టి మిగిలిపోయింది. ఇక బరువు పోయి పెళ్ళలు గదంతా తేలడం మొదలుపెట్టాయి. నేనూ డాక్టరు గారూ గుడ్డ సంచీ పట్టుకుని వాటి వెంట పడ్డాం.

అప్ప మూలన పట్టీలకి వేలాడుతూ ఉంది. "ఒకటి ఎలిపోయింది" అంది.

నమోదు 332

ఆగే ఇంజను మొదలవడానికి ఇంకా టైముంది. అప్ప గుండె దడగా ఉందట. డాక్టరు గారు మందు వేశారు, రెండో బొమ్మ వద్దన్నారు. గట్టిగానే అన్నారు. నాకు ఇద్దరిలో ఎవరి వైపు ఉండాలో తెలీలేదు. అప్ప ప్రాణం ముఖ్యం అని నోటిదాకా వచ్చింది. ఆమె కళ్ళు చూసి మింగేశాను.

"కొండా, నా కళ్ళకి గంత కట్టు" అంది.

"ఏంటప్పా?"

"ఈ కన్ను సక్రంలో సదువుకున్నాది. దాని మాట ఇంటే సెయ్యి సెడిపోతాది. కట్టు. సెవులతో సేస్తాను."

డాక్టరు గారు తల పట్టుకున్నారు. అయినా ఆమె పక్కనే కూర్చుని రెండు వేళ్ళు ఆమె ఎడమ మణికట్టు మీద పెట్టారు. "నేను ఆపుమంటే గొట్టం నేనే గుంజుకుంట" అన్నారు. "గుంజుకో" అంది.

నా పైట చెంగు చింపి కట్టాను. ఇంజను అందుకుంది. నేల వచ్చింది.

ఇప్పుడు నేను చూసింది రాయగలనో లేదో. ఎడమచెయ్యి బొమ్మ ఒంటి మీద ఈగ వాలినంత తేలికగా ఆనించింది. కుడిచేతిలో గొట్టం. నుదురు చిట్లింది. టప్ మని పాదం మీద చప్పుడు. అప్ప తల కాస్త వంచి విన్నది. భుజం లేచింది. పెళ్ళ మోకాలికి తగిలిన చప్పుడు, ఎడమ అరచేతికి అదురు, రెండూ అంది ఉంటాయి. ఆ తర్వాతి పెళ్ళకి కుడిచెయ్యి సరిగ్గా మోకాలి దగ్గర ఎదురుచూస్తోంది. దాని తర్వాతది ఇంకా ముందే. నాలుగైదు పెళ్ళలు పోయేసరికి ఆమెకి కొత్త లోకం అర్థమైపోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నేర్చినదంతా పక్కన పెట్టి, ఒక్క ఇంజను మోతలో, గుడ్డి చేతులతో తిన్నగా పడడం నేర్చేసుకుంది. నేను కెమెరాల దగ్గర కొయ్యబారి నిలబడిపోయాను. డాక్టరు గారు నాడి లెక్కపెట్టడం మానేశారని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

మణికట్టు దగ్గర గంజి పొర మెల్లగా ఊడి వేలాడి రాలింది. కంచు మెరిసింది. ఆఖరికి ముఖం. ఎడమ బుగ్గ ముక్క ఊగింది, ఇష్టం లేనట్టే ఊగింది. పడింది. పాదం దగ్గర చప్పుడు విని అప్ప గొట్టం దించేసింది.

"అయ్యిందేటి?" అంది.

డాక్టరు గారే చెప్పారు. "అయ్యిందమ్మా. మా ఊళ్ళె వాన ఎలిసినంక గోడ మీది మట్టి గిట్లనే రాలుతది. అచ్చం గిట్లనే."

అప్ప గంత విప్పుకుని మంకెనని చూసింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సిగ్గేం లేదు, రాసేస్తున్నాను.

నమోదు 338

ఇందుమతి గారి జవాబు: "మంకెన మీదే. ఇక్కడ గదిలో అందరూ లేచి నిలబడి చూశారు. వేరే మాట లేదు."

అప్ప పొద్దుట నుంచి టీ తాగుతూనే ఉంది. డాక్టరు గారు గుండె చూసి, ఓడ మాట ఈ జన్మకి మళ్ళీ ఎత్తొద్దని చెప్పి వెళ్ళారు.

నమోదు 352

ఆట వచ్చింది. మన భోజనశాలలో పెద్ద తెర మీద వేశారు. చక్రమంతా కంచాలు పట్టుకుని వచ్చేసింది. మంకెన లేచి నిలబడింది, ఒళ్ళు బీటలు తీసింది, పెళ్ళలు రాలాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇదేటి, పెళ్ళలన్నీ వంకరగా పడతన్నాయి?" అంది వంటల దగ్గరుండే ఆవిడ. "ఎవులో కింద నుంచి లాగినట్టు. మన తవిటమ్మ సేసినట్టు నేదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె లాక్కుని బుర్ర మీద ఒకటి ఇద్దామని లేచాను కూడా. అప్ప నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆమె ముఖంలో కోపం లేదు. కళ్ళు వెలుగుతున్నాయి.

"ఒలే, మన గదిలో రాల్సిన మొదటి బొమ్మ నీ కెమెరాల్లో ఉందా?"

"ఉంది."

"పడీకు, దాసి ఉంచు."

గదికి వెళ్ళి ఇందుమతి గారిని పిలిచింది. మంకెనకి రెండు వాలులు ఉండాలంది. ఆడేవాళ్ళు ఏది కావాలంటే అది పెట్టుకునేలా, భూమి వాలు ఒకటి, చక్రం వాలు ఒకటి. ఇందుమతి గారు మొదట నసిగారు. చక్రంలో ఆడేవాళ్ళు గుప్పెడు మంది కదా అన్నారు.

"గుప్పెడు మందే" అంది అప్ప. "ఆళ్ళ టీ ఎటు పడతాదో ఆళ్ళ మట్టీ అటే పడాల. భూమ్మీద మీకు తిన్నగా చేసి ఇచ్చినాను కదమ్మా, గంత కట్టుకుని మరీ ఇచ్చినాను. మా ఇంటికి మాది ఉండనీ."

ఆవిడ ఇక నసగకుండా, "పెడతానండీ" అన్నారు.

అది పెట్టాక భోజనశాలలో మళ్ళీ వేశారు. ఈసారి చప్పట్లకి కంచాలు కింద పడ్డాయి. అవి కూడా వాలుగానే పడ్డాయి, ఇప్పుడు నాకు కనిపిస్తుంది.

నమోదు 367

డాక్టర్ రాజమల్లు గారి ఏడాది అయిపోయింది. పంపడానికి రేవుకి వెళ్ళాం. ఓడ ఎక్కే ముందు అప్ప గిన్నె, గ్లాసు ఇచ్చింది. పరీక్ష అంది. ఆయన గిన్నె భుజం దాకా ఎత్తారు. గ్లాసుని కాస్త పక్కకి జరిపారు. పోశారు. నురగ అంచు దాకా వచ్చి ఆగింది. ఒక్క చుక్క బయటికి పోలేదు.

రేవులో ఉన్నవాళ్ళందరూ ఈలలు వేశారు.

నమోదు 389

ఈ రోజుతో అప్ప ఈ గది వదిలింది. వేడిగొట్టం నా చేతిలో పెట్టి, మంకెన బొమ్మ మాత్రం ఇంటికి పట్టుకుపోయింది. బయల్దేరేటప్పుడే డాక్టరు గారి కబురు వచ్చింది, తెర మీద ఆయన ముఖం. వెనక ఎండ, ఎవరో నవ్వుతున్న చప్పుడు.

"అమ్మా, మంచిగున్నరా? నేను ఇంటికొచ్చిన. మా ఇంట్ల ఆట ఆడుతున్నం. మంకెనకు మీ చక్రం వాలే పెట్టుకున్న, మా చెల్లె తిడుతుంది, వంకరున్నది అని. ఇంకొక ముచ్చట చెప్పాలె. పొద్దుగాల అందరికీ చాయ్ పోస్త అని గిన్నె ఎత్తిన. మొత్తం బల్ల మీద పోసిన. మా అమ్మ ఇంక నవ్వుతనే ఉన్నది. పెండ్లికి పోసిన చెయ్యికి ఏమైంది బిడ్డా అంటుంది."

కబురు అయిపోయింది. అప్ప బొమ్మ భుజం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది.

"ఇన్నావే కొండా?" అంది. "డాట్రుబాబుకి ఇన్నాళ్ళకి టీ పొయ్యడం వొచ్చింది."